రేంజ్ దాటిన బుడ్డప్ప

జవళగిరి వాచర్ ఆంజప్ప పట్టపగలు ఒక మగ ఏనుగును దొంగిలించి, డెంకణికోట నుంచి తన ఊరికి నడిపించుకొచ్చాడు. చేతిలో తాడు లేదు, తోడుగా మనిషి లేడు. సరే, దొంగిలించాడనేది కొంచెం పెద్ద మాటే. ఏనుగు తన కాళ్లతో తానే నడిచింది. ఊరిదాకా కూడా రాలేదు, నూటయాభై అడుగులు వచ్చింది. కానీ ఆ నూటయాభై అడుగుల కోసం ఆంజప్ప పడిన పాట్లు మాత్రం నిజం.

అడవిశాఖ వాళ్లకు అడవి అంతా ఒకటి కాదు. హోసూరు అడవి మొత్తం ఒక డివిజన్. దాన్ని పెద్ద పెద్ద ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక రేంజ్, దానికో రేంజర్. రేంజ్‌ను మళ్లీ కోస్తే బీట్లు. బీటుకో గార్డు, అతని వెనకాల కర్ర పట్టుకుని తిరిగే ఆంజప్ప లాంటి వాచర్. జవళగిరి ఒక రేంజ్, డెంకణికోట ఇంకో రేంజ్. మధ్యలో గోడ లేదు, కంచె లేదు. మంటలు పాకకుండా చెట్టూ చేమా కొట్టేసిన ఒక బాట ఉంది. దాన్ని ఫైర్ లైన్ అంటారు.

ఇరవై ఏళ్లుగా ఆంజప్పకు రేంజ్ అంటే హాజరు పుస్తకం మీది మాట, అంతే. అది గుండెల్లో గుచ్చుకున్నది బుడ్డప్ప వెళ్లిపోయాకే.

బుడ్డప్ప ఏనుగు. గున్నగా ఉన్నప్పుడు బురదగుంటలో దిగబడితే, ఆంజప్ప గట్టు తవ్వి దారి చేసి తల్లి దగ్గరికి చేర్చాడు. అది పెరిగి, దంతాలొచ్చి, పోయిన ఏడు ఫైర్ లైన్ దాటి అటువైపు మకాం పెట్టింది. అక్కడి వాచర్ కేశవప్ప దానికి మహారాజు అని పేరు పెట్టాడు. అది వెనకాల కనిపించేలా ఫోటో దిగాడు. ఆ ఫోటో పేపర్లో పడింది, కింద ‘డెంకణికోట రేంజ్ ఏనుగు’ అని.

ఆంజప్పకు అన్నం సయించలేదు. చాలదన్నట్టు టీ కొట్టు దగ్గర కేశవప్పే ఎదురుపడ్డాడు.

“ఏమన్నా, మీ రేంజ్‌లో ఇప్పుడేముండాయి? కుందేళ్లా?”

“అది మా బుడ్డప్పరా! నా కండ్ల ముందర పెరిగింది.”

“పెరిగితే పెరిగిందిలే. ఇప్పుడు తింటా ఉండేది మా మేత. వచ్చే నెల ఏనుగుల లెక్క ఉండాది. ఏ రేంజ్‌లో కనిపిస్తే ఆ రేంజ్‌కే రాస్తారంట. చూస్తాంలే.”

ఇంటికొచ్చినా అదే కుమిలింపు. సంగటి వడ్డిస్తూ భార్య సుబ్బక్క అంది: “నేను మా అమ్మింటికి పోయి నెల దినాలుండినాను. ఒక్క మాటన్నా యాడుండావని అడిగినావా? ఆ ఏనుగు పక్కకు పోతే ఇట్ల కరిగిపోతా ఉండావే!”

“నువ్వు తిరిగొస్తావని తెలుసు కదే.”

ఆ పూట అతని కంచంలో రెండో ముద్ద పడలేదు.

లెక్క రోజు, రాయడానికి వచ్చిన హోసూరు కాలేజీ పిల్ల చైత్ర పుస్తకం పట్టుకుని ఫైర్ లైన్ పక్కన మంచె ఎక్కింది. అటు కేశవప్ప, ఇటు ఆంజప్ప కాపలా. అంతకు ముందే ఆంజప్ప, తెలిస్తే ఉద్యోగం పోతుందని తెలిసే, ఎవరికీ కనబడకుండా మూడు పనసపండ్లు పగలగొట్టి పెట్టేశాడు: ఒకటి బాటకు అటు, ఒకటి నడుమ, అన్నిటికన్నా పెద్దది ఇటు పొదల్లో. గాలి కూడా ఆ రోజు జవళగిరి పక్షమే.

పది గంటలకు బుడ్డప్ప వచ్చింది. మొదటి పండు తింది. రెండోది నోట్లో పెట్టుకుని హద్దు మీదే నిలబడిపోయింది.

“రాసుకోమ్మా, ముందు కాళ్లు మావి!” అని ఆంజప్ప గొంతు తగ్గించి అరిచాడు.

“వెనక కాళ్లు మావమ్మా! బరువంతా ఈడే ఉండాది!”

చైత్రకు నవ్వొచ్చింది. “రెండు రేంజులూ ఒక డివిజనే కదన్నా. పైన ఆఫీసులో లెక్క కూడినప్పుడు ఒకటే ఏనుగు.”

“పైన సంగతి మాకొద్దు!” అన్నారిద్దరూ ఒకేసారి.

“అయితే నాలుగు కాళ్లూ ఏ పక్క దిగితే ఆ పక్కకు రాస్తాను.”

కేశవప్ప మెల్లగా పిలిచాడు. “మహారాజా, రా నాయనా.”

ఏనుగు చెవులు ఆడించి అటు తిరిగి చూసింది. ఆంజప్ప అది చూశాడు. ఆ పేరుకు అలవాటు పడిపోయిందా ఇది! తానూ పిలుద్దామనుకుని ఆగిపోయాడు. పిలిచాక అటే పోతే?

ఇంతలో ఇటునుంచి గాలి విసురుగా వీచింది. ఏనుగు తొండమెత్తి వాసన చూసి, నింపాదిగా మూడో పండు వైపు నడిచింది. నాలుగు కాళ్లూ జవళగిరిలో పడ్డాయి. చైత్ర రాసేసింది.

“పనస ఈడ యాడ కాసిందప్పా?” అన్నాడు కేశవప్ప తొక్కలు చూసి.

“అడవి కదా, ఏమన్నా కాస్తాది.”

గెలిచాడు ఆంజప్ప. కానీ వారమైనా ఆ చెవులు ఆడటమే కళ్లలో మెదిలింది. పండు కోసం తన దగ్గరికి వచ్చింది, పేరుకేమో అటు తిరిగింది.

ఇప్పుడు వెళ్లి అడిగితే ఆంజప్ప ఏమంటాడంటే: “ఏనుగా? పనసపండ్లా? ఎవురు చెప్పినారప్పా నీకు? ఆ దినం నేను కల్లావి ఊర్లో మా మంజులమ్మత్త ఇంట్లో ఉండినాను. నాకు బుడ్డప్పా తెలీదు, గిడ్డప్పా తెలీదు. అంతా అబద్ధం, పో!”