ఎక్స్‌రేకు చిక్కని రాయి

మా బావ ఎమ్మిగనూరులో గుంటమగ్గం నేస్తాడు. గుంటలో కాళ్లు దించి కూర్చుంటే అన్నం వేళకు తప్ప లేవడు. మాటిమాటికీ లేస్తే పని సాగదని, ఎండాకాలంలో కూడా నీళ్లు తక్కువే తాగేవాడు.

నిరుడు వేసవిలో నడుము పక్క నుంచి గజ్జల దాకా నొప్పి పట్టి మెలికలు తిరిగిపోయాడు. మూత్రం ఎర్రగా వచ్చింది. కిడ్నీలో రాయి ఉంటే కోస్తారని, కోస్తే మళ్లీ మగ్గం మీద కూర్చోలేనని ఆయన భయం. ఊళ్లోనే ఎక్స్‌రే తీయించాడు. రాయి కనపడలేదు.

"సూడు బామ్మర్దీ, రాయీ లేదు, గీయీ లేదు. ఒట్టి గ్యాసు," అని నాకు ఫిల్మ్ చూపించాడు.

మా అక్క ఊరుకోలేదు. "గ్యాసుకు ఉచ్చలో రక్తమొస్తాదా? లెయ్యప్పా, ఆదోనికి పోదాం."

ముగ్గురం బస్సెక్కాం. ఆదోని డాక్టరు పొట్ట స్కానింగ్ చేయించాడు. కుడి కిడ్నీలో రాయి ఉంది. బావ ఫిల్మ్ తీసి డాక్టరు బల్ల మీద పెట్టాడు.

"మరి ఎక్స్‌రేలో లేదు కద సార్?"

"సున్నం రాయైతే తెల్లగా కనపడతాది. యూరిక్ యాసిడ్ రాయి ఎక్స్‌రేకు చిక్కదు. కాలి బొటనవేలు ఎప్పుడన్నా వాసిందా?"

"మగ్గం కింద తొక్కుడుచెక్క తొక్కితొక్కి వాస్తాది సార్."

"రెండు కాళ్లతో తొక్కి ఒక్క వేలే వాపించుకున్నావా?"

మా అక్క అందుకుంది. "ఆదివారం బోటీ లేకుంటే ముద్ద దిగదు సార్ ఈయనకి."

మూత్రంలో ముంచిన పట్టీ ఆమ్లం ఎక్కువని చూపించింది. రక్తంలోనూ యూరిక్ యాసిడ్ పెరిగి ఉంది. బొటనవేలు వాసేది దానివల్లేనని, బోటీ తింటే అది ఇంకా పెరుగుతుందని డాక్టరు తేల్చాడు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుందని, ఆమ్లం ఎక్కువున్న మూత్రంలో ఈ యాసిడ్ కరగక రాయి కడుతుందని డాక్టరు చెప్పాడు. మూత్రానికి అడ్డు లేదు, చీము లేదు. కాబట్టి ముందు మందుతో కరిగించి చూద్దామన్నాడు.

"నీళ్లు తాగకుంటే మాత్రం మందు పనిచెయ్యదు. అప్పుడు ఆపరేషనే."

ఆ మాట బావకు బాగా పట్టింది. బోటీ మానేశాడు. గుంట గట్టు మీద చెంబు పెట్టుకున్నాడు. తాగినప్పుడల్లా లేవాల్సి వచ్చేది. చీర ఆలస్యమవుతుందని గొణిగేవాడు. "కానీలే," అనేది అక్క.

మళ్లీ స్కానింగ్‌కు వెళ్లినప్పుడు డాక్టరు నోరు తెరవకముందే బావ అడిగాడు.

"కోత ఎప్పుడు సార్?"

"కోత ఎందుకప్పా? సగానికి పైగా కరిగిపోయింది. మందు మాత్రం ఆపొద్దు."

బావ ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.