బొమ్మ వేసినవాడు

ఆ రోజుల్లో తమిళనాట మా ధర్మపురి తెలుగిళ్ళలో 'వేయడం' అనే ఒక్క మాట ఎన్నో పనులు చక్కబెట్టేది. వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళు, కోళ్ళకు గింజలు వేసేవాళ్ళు, కేబుల్ టీవీ అతను రాత్రిపూట సినిమా వేసేవాడు, బడిపిల్లలు పలకమీద బొమ్మలు వేసేవాళ్ళు. గడప దాటితే అరవం, గడప లోపల తెలుగు అన్నట్టుండే బతుకులో ఉన్న మాటనే అటూ ఇటూ తిప్పి వాడుకునేవాళ్ళం. అందులో తప్పేమీ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆ మాట చాటున దాక్కున్నాను, అదే తప్పు. దానివల్ల మా చిన్నాయన వీధంతటి ముందరా నవ్వులపాలయ్యాడు.

అప్పట్లో నేను బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠాలంటే పెద్ద మాట. కంప్యూటర్‌ను సరిగ్గా ఎలా ఆపాలో నేర్పేవాణ్ణి (మొదలుపెట్టే అధికారం ఓనరుది). మద్రాసులో ఉద్యోగం చేసే స్నేహితుడొకడు మొరప్పూర్‌లో రైలు దిగి వచ్చినప్పుడల్లా ఏదో ఒక సీడీ తెచ్చేవాడు. ఆ సారి తెచ్చినదాంట్లో సంగీతం బొమ్మలున్నాయి. కంప్యూటర్‌లోనే పుట్టిన బొమ్మలు, లోకంలో ఎక్కడా లేని వాయిద్యాలు. మనిషన్నవాడు కనపడడు. గొట్టాలు గుండ్లను ఉమ్ముతాయి, ఆ గుండ్లు గాల్లో వంపు తిరిగి సరిగ్గా తాళం పడే చోట తీగమీదో డోలుమీదో పడతాయి, పడి బుద్ధిగా మళ్ళీ తొట్టిలోకి వెళ్ళిపోతాయి. ఇంకోదాంట్లో వెలుతురు కిరణాలే తీగలు. తెగవు, శ్రుతి తప్పవు. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వినపడితే నాకు వేడెక్కిన పాత మానిటర్ వాసన ముక్కుకు తగులుతుంది.

ఇంట్లో నేను విడిభాగాలు పోగుచేసి బిగించుకున్న కంప్యూటర్‌లో ఆ సీడీ పెట్టాను. అవ్వ వచ్చింది, నాయన వచ్చాడు, చిన్నాయన వచ్చాడు. మా చిన్నాయనకు లేత్ మిషను పెట్టుకున్న చిన్న పట్టర ఉండేది (వర్క్‌షాపును మేమలాగే అంటాం). చేతిలో పనితనం ఉంది గానీ, ఏ పనీ చివరిదాకా ముగించిన పాపాన పోలేదు. ఆయన ఇంటి గేటుకు ఒక రెక్కే ఉండేది. చిన్నమ్మ కోసం మొదలుపెట్టిన కొబ్బరి తురిమే మిషను తురమదు గానీ తిరుగుతుంది. అందుకని ఊరు ఆయనకు 'పాది మేస్త్రి' అని పేరు పెట్టింది. పాది అంటే అరవంలో సగం.

ఆ సగం మనిషి మానిటర్‌కు ముక్కు ఆనించేంత దగ్గరగా గొంతుక్కూర్చున్నాడు. "మనిసే లేడే! మరి వాయించేది ఎవురు?" అన్నాడు.

అవ్వకు ఆ గొడవ పట్టలేదు. టీవీలో వచ్చే ప్రతిదాన్నీ కేబుల్ అతనే వేస్తాడని ఆమె నమ్మకం. "ఎవురురా ఈ బొమ్మ వేసింది?" అంది.

"నేనే వేసినాను అవ్వా."

చిన్నాయన గిరుక్కున తిరిగాడు. "నువ్వేనా? చేత్తోనా?"

"మౌసుతో, చిన్నాయనా."

(ఇదీ అబద్ధం కాదు. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నిజమే. ఎంత ఘోరమో చూడండి.) అవ్వ అడిగింది టీవీలో పెట్టిందెవరని. చిన్నాయన విన్నది బొమ్మ గీసిందెవరని. ఆయన పొరబడ్డాడని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. సరిదిద్దడానికి ఒక్క మాట చాలు. కానీ "ఇంత చదివి మౌసు తిప్పుతా కూర్చున్నాడు" అని రోజూ దెప్పే మా నాయన కూడా అప్పుడు నన్ను కొత్తగా చూస్తున్నాడు. ఆ చూపు కాసేపు ఉండనిద్దామనిపించింది. కాసేపే.

మర్నాడు చిన్నాయన సెంటరుకే వచ్చేశాడు. "దీన్ని నేను కడతానురా. కొలతలు చెప్పు."

"కొలతలంటే... అది బొమ్మ కదా చిన్నాయనా."

"వేసినోనికి కొలత తెలీకుండా ఉంటుందా? కొలత లేకుండా ముగ్గు కూడా పడదే!"

నిజం చెప్పేయడానికి అదొక మంచి అవకాశం. నేను దాన్ని కూడా వదులుకుని, సంచిలోని సీడీ అక్కడి కంప్యూటర్‌లో పెట్టి, బొమ్మను ఆపి, మానిటర్ అద్దంమీద చెక్క స్కేలు పెట్టి కొలిచాను. తెరమీద అంగుళమైతే నేలమీద అడుగు అని గంభీరంగా సెలవిచ్చాను. ఆయన చెవిమీద పెట్టుకున్న పెన్సిల్ తీసి, అరచేతిమీద రాసుకున్నాడు.

ఆడి (ఆషాఢ) నెలలో మారియమ్మకు కూళు పోసే రోజున (రాగి అంబలి కాచి వీధంతా పంచుతాం) దీన్ని వాయిస్తానని ఆయన అందరికీ చెప్పేశాడు. బోరుబావికి వేయగా మిగిలిన గొట్టాలు వచ్చాయి. సైకిల్ షాపునుంచి బేరింగ్ గుండ్లు వచ్చాయి. గుండ్లను ఊదడానికి కొలిమి బ్లోయరు వచ్చింది. చిన్నమ్మ వంటింట్లోంచి పళ్ళేలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. "నా ఇడ్లీ రేకులు యాడ పెట్టినావయ్యా?" అని ఆమె కేకేస్తే, లోపల్నుంచి "అది రిషభం, ముట్టొద్దు!" అని జవాబు. ఒకరోజు నాకు మజ్జిగ ఇస్తూ చిన్నమ్మ గొంతు తగ్గించి, "ఈసారన్నా ముగిస్తాడురా. వేసినోడివి నువ్వే పక్కన ఉండావు గదా, అందుకే నా ధైర్యం" అంది. మజ్జిగ గ్లాసు అరుగుమీదే పెట్టి లేచాను.

ఆ రోజు రానే వచ్చింది. అంబలి అండాల పక్కన మా వాయిద్యం నిలబడింది. ఒంటె లేవబోయి ఆగిపోయినట్టుంది దాని వాలకం. చిన్నాయన తెల్లచొక్కా తొడుక్కుని, "వాయించేది నేను కాదు, గుండ్లే" అని చెప్పి బ్లోయరు వేశాడు. మొదటి గుండు పళ్ళెం మీద పడింది. టంగ్! రెండోది గంటను తాకింది. వీధంతా "అబ్బా!" అంది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య చిన్నాయన మొహం చూసి ఉంటే మీరు కూడా నన్ను క్షమించరు.

మూడో గుండు నా కొలతల ప్రకారం వెళ్ళింది. అంటే అంబలి అండాలోకి. నాలుగోది పక్కింటి పెద్దాయన తలపాగాలో చిక్కుకుంది. ఇంకోటి ఎగిరి పూసారి చేతిలోని పంబ డోలు మీద పడింది, అది మాత్రం భేషుగ్గా మోగింది. పూసారి పంబను వెనక దాచుకున్నాడు. పిల్లలు గుండ్ల కోసం అండాల కింద దూరారు. ఎవరో వెనకనుంచి "పాదిడా! ఇదీ పాదియే!" అని అరిచారు, ఇక నవ్వు ఆగలేదు.

చిన్నాయన బ్లోయరు ఆపి నా వైపు చూశాడు. "నువ్వు వేసినదాంట్లో గుండు మళ్ళీ తొట్టిలోకి పోతుంది గదరా?"

నేను వంగి గుండ్లు ఏరుకున్నాను. ఏరడానికి లేనివి కూడా ఏరాను.

మర్నాడు పట్టరకు వెళ్ళేసరికి ఆయన గొట్టాలు విప్పుతున్నాడు. నిలబడే చెప్పేశాను. "చిన్నాయనా, ఆ బొమ్మ గీసింది నేను కాదు. ఎవరో దూరదేశం వాళ్ళు. నేను సీడీ పెట్టినాను, అంతే. కొలతలన్నీ నా నోటికొచ్చినవి."

ఆయన స్పానరు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చేతుల జిడ్డు గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"సరే. ఆ దేశంలో దీన్ని కట్టినారా?"

"లేదు చిన్నాయనా. అది వట్టి బొమ్మ. నాకు తెలిసి ఎవరూ కట్టలేదు."

"ఎవురూనా?"

"ఎవరూ."

ఆయన విప్పిన గొట్టాన్ని ఒకసారి చూసుకున్నాడు, నన్ను చూశాడు. మెల్లగా మీసం కదిలింది. "ఎవురూ కట్టనిదాన్ని నేను పాది కట్టినాను గదరా!" అని, చిన్నమ్మకు వినపడేలా ఇంకోసారి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అబద్దాలకోరా, ఆ గొట్టం పట్టుకో" అన్నాడు.

ఆ సాయంత్రమే టీకొట్టు దగ్గర, 'పాది' అని అరిచిన గొంతులున్న చోటికే వెళ్ళి, కొలతలు నావని చెప్పాను. ఆ రోజునుంచి నాకు కూడా ఒక పేరు వచ్చింది: 'అంగుళానికి అడుగు'. ఇప్పటికీ కొందరు పిలుస్తారు, పలుకుతాను. ఆదివారాలు పట్టరలోనే గడిపాను. బ్లోయరు తీసేశాం, గుండు తన బరువుకు తానే జారేట్టు గొట్టాన్ని వంచాం. నా వేలిమీద ఒక మచ్చ మిగిలింది. ఆ వాయిద్యం చివరికి స, రి, గ దాకా వచ్చింది. మ దగ్గర ఆగిపోయింది. ఏడు స్వరాల్లో మూడు. లెక్క ప్రకారం పాది కూడా కాదు.

ఇప్పుడా బొమ్మలు ఫోన్లో దొరుకుతాయి. మా అమ్మాయి చూసి, "ఏంటి నాన్నా, ఇంత మొరటుగా ఉంది!" అని పెదవి విరిచింది. నాకు మాత్రం ఆ వెలుతురు తీగలు ఇంకా తెగలేదు. ఆ బొమ్మలో గుండు తనంతట తానే తొట్టిలోకి తిరిగి పోతుంది. మా దాంట్లో పోదు. కిందపడిన గుండును ఎవరో ఒకరు ఏరి మళ్ళీ పైన వేయాలి. ఏటేటా కూళు పోసే రోజు చిన్నాయన కుర్చీ వేయించుకుని దాని పక్కన కూర్చుంటాడు. కంటిచూపు తగ్గింది, గొంతు తగ్గలేదు.

"ఎవురురా ఈసారి గుండ్లు వేసేది?" అని వీధంతా వినపడేలా అడుగుతాడు.

"నేనే వేస్తాను చిన్నాయనా" అంటాను. పంచె ఎగగట్టి, దాని కింద చతికిలపడతాను.