మూడో కేథరీనా

ఆ రోజుల్లో మిషిగన్‌లో మంచు నడుం లోతు పడేది. నాది కాస్త పెంచి చెప్పే నోరని ముందే ఒప్పుకుంటున్నాను. మోకాలి దాకా పడిన మంచు నా నోట్లోంచి బయటికొచ్చేసరికి నడుం దాకా ఎదుగుతుంది. ఎంత తరుగు తీయాలో మీరే తీసుకోండి. అచ్చంగా కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది, అదేదో చివర్లో నేనే చెప్తాను.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. అక్కడి ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల తలుపుల హ్యాండిళ్ళు డిజైన్ చేసే ఉద్యోగం (ఒక్క హ్యాండిల్ మీద పదకొండు మందిమి కష్టపడేవాళ్ళం), ఓ ముసలి దొరసాని ఇంటి బేస్‌మెంట్‌లో కాపురం. ఇంట్లో హీటర్ ఎంత వెలగాలో ఆవిడ వేలే నిర్ణయించేది కాబట్టి నేను పెట్టిన పేరు థర్మోస్టాటమ్మ. ఆరు నెలలుందామని కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ రెండు శాలువాలు, ఒక దుప్పటి, నా ఆఫీసు జాకెట్టు కప్పుకుని మరీ వంట చేసేది. అమ్మ పేరు పెంటమ్మ. అర్థమేమిటని థర్మోస్టాటమ్మ అడిగితే ‘బంగారు తల్లి’ అని చెప్పి పరువు కాపాడుకున్నాను.

ఆ ఏడాది వేసవిలో థర్మోస్టాటమ్మకి క్యాన్సర్ అని తేలింది. క్రిస్మస్ దాకా అన్నారు డాక్టర్లు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పాత బైబిలు. దాని మొదటి పేజీలో తల్లి కింద కూతురు, ఆ కూతురి కింద మనవరాలు, ఎనిమిది తరాల ఆడవాళ్ళ పేర్లు వరుసగా ఉండేవి. అన్నిటికన్నా పై వరుస మాత్రం ఖాళీ. ఇంగ్లండు రాజు ఏలుబడిలో జర్మనీ నుంచి ఓడెక్కి పెన్సిల్వేనియా వచ్చిన ఓ రొట్టెలవాడి కూతురి సంతానం తామని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. రొట్టెలవాడి ఇంటిపేరు తెలుసు, వాళ్ళ చర్చి ఏదో తెలుసు, ఆ పిల్ల పేరే తెలియదు. ఆ ఖాళీ నింపేసి పోతానంటుంది ఆవిడ. మందుల వల్ల అప్పటికే చూపు మసకబారింది. ఆ చర్చి రికార్డులు చదివిపెట్టడానికి నన్ను రమ్మంది.

అక్టోబరులో ఒక శనివారం తెల్లవారుతూనే బయల్దేరాం. నేను డ్రైవింగ్, పక్కన ఆవిడ, వెనక సీట్లో పులిహోర డబ్బాతో అమ్మ. (పెన్సిల్వేనియాలోని ఆ చర్చికి చేరేసరికి నాకు గడ్డం పెరిగింది.) అక్కడి గది మా బేస్‌మెంట్ కన్నా చల్లగా ఉంది. థర్మోస్టాటమ్మ మెచ్చుకోలుగా చుట్టూ చూసింది. జర్మన్ రిజిస్టర్లని ఎవరో ఇంగ్లీషులో టైపు చేసిన ఫైలు ఒకటి మా ముందు పెట్టి వెళ్ళాడు చర్చి గుమస్తా.

పది నిమిషాల్లో రొట్టెలవాణ్ణి పట్టేశాను. కూతురు కేథరీనా, మూడేళ్ళకి మశూచితో మరణం. కింద మళ్ళీ కేథరీనా అనే ఉంది. చనిపోయిన పిల్ల పేరు పుట్టిన పిల్లకి పెట్టడం మాట అటుంచి, పైకి పలకడానికే మా ఇళ్ళలో నోరు రాదు. కనుక టైపు చేసినవాడు ఒకే పిల్లని రెండుసార్లు కొట్టాడని తేల్చేశాను. ఫైలు మూసి, ఆఫీసు మీటింగులో డోర్ హ్యాండిల్ గురించి చెప్పినట్టే ప్రకటించాను: రొట్టెలవాడికి ఒక్కతే కూతురు, మూడేళ్ళకే పోయింది, మీరు వీళ్ళ సంతానం అయ్యే అవకాశం లేదు.

థర్మోస్టాటమ్మ వెంట తెచ్చుకున్న బైబిలు తెరిచి, మొదటి పేజీ పై వరుస తడిమింది.

“మరి నేనెవరిదాన్ని?” అంది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఏమైందిరా, ఆవిడ ముఖం అలా అయిపోయిందేమని అడిగితే జరిగింది చెప్పాను. రెండోసారి ఏం రాసుందో చదవమంది. మళ్ళీ తెరిచాను. మొదటి పిల్ల పోయిన రెండేళ్ళకి పుట్టుక, పదకొండో రోజున మరణం.

“అది తప్పు కాదురా మొద్దూ, ఇంకో పిల్ల. నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పోయారు. చావుకి రోత పుట్టాలని నన్ను పెంట మీద దొర్లించి ఈ పేరు పెట్టింది. ఈ తల్లేమో పోయినదాన్నే మళ్ళీ రమ్మని పిలుచుకుంది. పేజీ తిప్పు,” అంది అమ్మ.

ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాను, అమ్మ పేరుకి అసలు అర్థంతో సహా. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి (ఆ గది వేడెక్కింది అప్పుడొక్కసారే). థర్మోస్టాటమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఆ పేరు పనిచేసింది కదా,” అంది.

పేజీ తిప్పాను. మూడో కూతురి పుట్టుక. అదే రోజున తల్లి మరణం. వేలు పెట్టి పైకి చదివాను: “కేథరీనా.” ఇంకో పేజీలో, పంతొమ్మిదేళ్ళకి, పెళ్ళి. పెళ్ళికొడుకు ఇంటిపేరు బైబిల్లో రెండో వరుసలో ఉన్నదే. థర్మోస్టాటమ్మ ఆ పేరు నాచేత మళ్ళీ చదివించుకుని, పెన్ను అడిగి, బైబిల్లో పై వరుసలో తనే రాసుకుంది. డాక్టర్లు క్రిస్మస్ అన్నారు గానీ ఆవిడ ఒకరి టైము ప్రకారం నడుచుకునే మనిషి కాదు, నవంబరులోనే, థాంక్స్‌గివింగ్ పండగకి ముందే వెళ్ళిపోయింది.

ఇక కల్పించిన సంగతి. మంచు, గడ్డం, పదకొండు మంది ఇంజనీర్లు – అవన్నీ పెంచినవే గానీ కల్పించినవి కావు. ఆ ఫైల్లో మూడో పిల్ల పుట్టుక దగ్గర పేరు లేదు. ‘ఒక కూతురు’ అని ఉంది, పక్కన ఖాళీ. తల్లి పోయిన ఇంట్లో పసిదాని పేరు అడగడానికి పాస్టరుకి నోరు రాలేదేమో. పెళ్ళి దగ్గర కూడా ‘రొట్టెలవాడి కూతురు’ అనే ఉంది. ముందు ఇద్దరూ కేథరీనాలే కదా అని మూడోదానికీ నేనే ఆ పేరు పెట్టేశాను. ఆవిడతో చెప్పిన అబద్ధమే ఇందాక మీతోనూ చెప్పాను.

తిరిగొస్తూ పెట్రోలు కోసం ఆగినప్పుడు, ముందు సీట్లో థర్మోస్టాటమ్మ నిద్రపోతుంటే, అమ్మ వెనక నుంచి మెల్లగా అంది: “నాకు ఇంగ్లీషు రాదు గానీ ఖాళీ తెలుస్తుందిరా. నీ వేలు ఖాళీ మీద ఆగింది.”

చర్చిలో అబద్ధమాడినందుకు తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆదివారం ఆరాధన ఒక్కటి తప్పినా నెలంతా బాధపడే మనిషి మరి.

“పెట్టేవాడివి, నా పేరు పెట్టకపోయావా. గట్టి పేరు,” అంది.

ఇప్పుడు మా ఇంట్లో థర్మోస్టాట్ నా వేలి కింద ఉంది, పిల్లలు స్వెట్టర్లలో తిరుగుతూ నాకేం పేరు పెట్టుకున్నారో తెలియదు. లేనివన్నీ కల్పించగలవాణ్ణని ఊరంతా చెప్పుకునే నాకు, ఆ రోజు ఆ చల్లటి గదిలో, పక్కనే నా జాకెట్టు కప్పుకుని కూర్చున్న పేరు తట్టలేదు.