పొంగితేనే నిండినట్టు

మా పెదనాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా సరుకు ఓడ అడుగున ఉండే నీళ్ల తొట్లు ఆయన చేతిలోనే ఉన్నాయి. "తేలడం చెక్కముక్కకీ వచ్చురా! ఒరిగాక లేవడం రావాలి" అంటాడు. ఆ లేవడం కోసమే అడుగున బరువుగా నీళ్లు నింపుతారు.

మీటర్లని ఆయన నమ్మడు. తొట్టి నిండి, డెక్ మీది గాలిగొట్టంలోంచి నీళ్లు పొంగి తన చెప్పులు తడిస్తేనే నిండినట్టు. ఓడలో అందరికీ ఆయన 'పొంగు తాత'.

ఆ రోజు పొద్దున ఓడ బయల్దేరాలి. పెదనాన్న గొట్టాల్లోకి కొలత టేపు దించాడు. నాలుగు తొట్లూ సగమే ఉన్నాయి! సరుకు లెక్క చూసే అధికారి గదిలోకి తడి టేపుతోనే దూసుకెళ్లాడు. ఆ అధికారి మా బావే, ఈయన సొంత అల్లుడు.

"అల్లుడుగారూ, నీళ్లెవరు తోడారు?"

"నేనే మామయ్యగారూ. పైన నలభై పెట్టెలు ఎక్కువ పెట్టాం. ఓడ పక్కన గీసిన బరువు హద్దు గీత కూడా నీళ్లలో మునిగింది. తోడేశాక చూడండి, ఎంత బాగా తేలుతోందో!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిండు తొట్టిలో నీళ్లు కదలవు. సగం తొట్టిలో ఓడ ఎటు ఒరిగితే నీళ్లన్నీ అటే పరిగెడతాయి. పడేవాణ్ని వెనకనించి తన్నినట్టు! పైన బరువు, కింద తొణుకు. ఓడలో పదకొండు మందిని చంపుతావా?"

"మెల్లిగా. ఇది ఇల్లు కాదు."

"ఇల్లైతే నీ ముందున్న కంచం లాగేసేవాణ్ని!"

బావ కాగితం ముందుకి తోశాడు. తొట్లు సరిగ్గా ఉన్నాయని పెదనాన్న సంతకం చేయనిదే ఓడ కదలదు.

"ఆలస్యమైతే యజమాని మిమ్మల్ని పీకేస్తాడు."

"పీకనీ. ఆ పదకొండు మందిలో నువ్వూ ఉన్నావురా, దద్దమ్మా!"

యజమాని ఫోన్లో బండబూతులు తిట్టాడు. పెదనాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరికి క్రేన్ నలభై పెట్టెల్నీ దించింది. తొట్లు మళ్లీ నిండి నాలుగో గొట్టం పొంగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన సంతకం పెట్టాడు. ఆ వెంటనే ఉద్యోగం ఊడిందన్న కబురు కూడా వచ్చింది.

సంచీ భుజానేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. రేవు దాటగానే ఈదురుగాలి ఓడని పక్కకి కొట్టింది. ఓడ ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఆపైన నిదానంగా లేచి నిటారుగా నిలబడింది.

పెదనాన్న కూతురికి ఫోన్ చేశాడు. "నీ మొగుడు తిరిగొచ్చాక నా దగ్గరికి పంపు. తోలు తీస్తాను!"