పొట్టలోకి దిగిన ఊపిరి

జంపయ్యన్నకు పొడుగుంది, బలముంది, నడక ఉంది. లేనిదల్లా ఛాతీ. అంటే అసలే లేదని కాదు, గాలి పీలిస్తే అది ఉబ్బదు. అడవి గార్డు ఉద్యోగానికి ఊపిరి బిగబట్టినప్పుడు ఛాతీ ఇంత పెరగాలని ఒక లెక్క ఉంది. ఆ లెక్క రాసినవాణ్ని నేను ఇప్పటికీ తిడతాను. అడవిలో తిరిగే మనిషికి కాళ్లు చూడాలి గానీ, చొక్కా కుట్టేవాడిలా ఛాతీ కొలవడమేమిటి?

భద్రాచలం హాస్టల్లో మాది ఒకే గది. నేను డిగ్రీ మొదటి ఏడు, ఆయన ఆఖరేడు. ఆయనది పినపాక అవతల కోయగూడెం. బడిలో ఆలస్యంగా చేరాడు కాబట్టి మా అందరికన్నా పెద్ద. తండ్రి చేసుకునే పోడు భూమి అటవీ శాఖ కిందికి పోయింది, అందులో ఇప్పుడు టేకు మొక్కలున్నాయి. ఇంటిల్లిపాదీ మిరప కోతలకు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. గార్డు పోస్టులు పడేదే ఏళ్లకొకసారి. ఈసారి తప్పితే మళ్లీ పడేసరికి ఆయనకు వయసు దాటిపోతుంది. తను గార్డయితే అయ్య, అవ్వ కూలికి పోనక్కర్లేదని రోజూ అదే మాట. వినీ వినీ నాకు విసుగొచ్చేది, జాలీ వేసేది.

నోటిఫికేషన్ పడగానే బస్టాండు దగ్గర టైలర్ సర్వర్ భాయ్ చేత కొలిపించుకున్నాడు. ఛాతీ పెరిగింది గానీ, కావలసినంత పెరగలేదు. సర్వర్ భాయ్ టేపు మెడలో వేసుకుని, ఊపిరి సంగతి యోగా వాళ్లకు తెలుస్తుంది, శారద మేడం ఆదివారం ఆదివారం ఊరికే నేర్పుతుంది, జల్దీ పోయి చేరమన్నాడు.

ఒక్కడే పోవడానికి మొహమాటపడి నన్నూ లాక్కుపోయాడు. ఆదివారం పొద్దున్నే లేవాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. శారద మేడం రిటైరైన టీచరు. ఒక బడి వరండాలో మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టుకోమనేది. గాలి పొట్టలోకి దిగాలి, చెయ్యి పైకి లేవాలి, ఛాతీ కదలకూడదు, అలా పీలిస్తే మనసు నిలబడుతుందని చెప్పేది. నా మనసు నిలబడేది కాదు, నిద్రపోయేది. జంపయ్యన్నకు మాత్రం వారమంతా అదే పని. మంచం మీద, బస్సులో, పుస్తకం ముందు కూర్చున్నా అదే పీల్చడం. కొన్ని నెలలు గడిచేసరికి ఆయన పొట్ట లేచి దిగే తీరు చూసి మేడం మురిసిపోయేది.

ఎందుకు నేర్చుకుంటున్నాడో మేడంకు చెప్పమని పోరాను. ఉద్యోగం కోసమంటే రావద్దంటుందేమోనని ఆయన భయం. పోనీ సర్వర్ భాయ్ దగ్గరికి పోయి మళ్లీ కొలిపించుకోమన్నాను. ఏమీ తెలియని పిల్లవాణ్ని చూసినట్టు చూశాడు నన్ను.

"కొత్తల పండుగ చేసి వేల్పులకు పెట్టకముందు మేం కొత్త గింజ నోట్ల పెట్టం తమ్మీ, కొలవం. ఇది గూడ గంతే. సెలెక్షన్ నాడే నా పండుగ."

వేల్పుల మాట వచ్చాక ఆ కొలత సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

సెలెక్షన్ ఖమ్మంలో. నేనూ వెంట వెళ్లాను. చీకటితో మొదలైన నడక పరీక్షలో ఆయన అందరికన్నా ముందు వచ్చాడు. వెనక వచ్చినవాళ్లు నేల మీద కూలబడుతుంటే ఈయన నిలబడి చెప్పుల దుమ్ము దులుపుకుంటున్నాడు. ఇక ఉద్యోగం వచ్చేసినట్టేనని నాకు పట్టరాని సంతోషం.

తర్వాత కొలతలు. అడ్డంగా కట్టిన తాడు ఇవతల నుంచి చూస్తున్నాను. టేపు చుట్టిన ఉద్యోగి పీల్చమన్నాడు. జంపయ్యన్న కళ్లు మూసుకుని పీల్చాడు. పొట్ట ముందుకొచ్చింది. టేపు కదల్లేదు.

"పొట్టతోని కాదయ్యా, ఛాతీతోని పీల్చు."

మంచివాడే, ఇంకో అవకాశమిచ్చాడు, ఆ తర్వాత మరొకటి. జంపయ్యన్న మెడ మీద నరాలు తేలాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఊపిరి మాత్రం అలవాటైన దారినే పొట్టలోకి జారిపోయింది. సర్వర్ భాయ్ దగ్గర పెరిగినంత కూడా పెరగలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. నా ఊపిరి ఆయనకు ఇవ్వగలిగితే బాగుండునని తాడు పట్టుకుని ఏడ్చాను.

పేరు కొట్టేశాక కూడా ఆయన అక్కణ్నుంచి కదల్లేదు. విప్పిన చొక్కా చేతిలో పట్టుకుని ఆ ఉద్యోగిని అడిగాడు.

"సారూ, మొక్కలు నాటే కూలికన్న పెట్టుకుంటరా?"

ఆ ఉద్యోగి తల దించుకుని తర్వాతి మనిషిని పిలిచాడు.

జంపయ్యన్న మళ్లీ హాస్టలుకు రాలేదు. అటునుంచి అటే అయ్య, అవ్వ ఉన్న మిరప తోటలకు వెళ్లిపోయాడు. ఆదివారం నేనొక్కణ్నే వరండాకు పోయి మేడంతో గొడవ పెట్టుకున్నాను. మీరు నేర్పిన ఊపిరే మా అన్నను ముంచిందన్నాను. జరిగిందంతా విని ఆమె తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది.

"ఛాతీ విప్పే ఊపిరి వేరే ఉంది బాబూ. అడిగి ఉంటే మొదటి వారమే మొదలుపెట్టేదాన్ని. కొన్ని వారాలు చేస్తే చాలు."

అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఈ సంగతి మా అన్నకు ఎవరు చెప్పాలి?

సెలవుల్లో వెతుక్కుంటూ వెళ్లి ఆయన్ను తోటలో కలిశాను. మిరప ఘాటుకు దగ్గుతూనే నన్ను చూసి నవ్వాడు. క్లాసుకు పోతున్నావా, మేడం మంచిగుందా, నన్ను అడిగిందా అన్నాడు. మంచిగుంది, నిన్ను అడిగిందన్నాను. ఛాతీ విప్పే ఊపిరి సంగతి మాత్రం చెప్పలేదు.