ఒక అంచుకే గమ్ము

మంచిర్యాల కోర్టులో వకీళ్ల సంఘం లైబ్రరీకి నాలుగు ఫ్యాన్లున్నాయి. వాటిలో తిరిగేవి రెండే. మహేశ్వరి మాత్రం పొద్దున తొమ్మిదిన్నర నుంచి బీరువాల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

నల్లకోటు వేసుకున్నవాళ్లకు తొందర ఎక్కువ. గుమ్మంలోనే నిలబడి "మహేశ్వరీ, పాత నాలుగొందల ఇరవై కొత్తదాంట్ల ఎంత?" అని కేకేస్తారు. ఆమె తల ఎత్తకుండానే "మూడొందల పద్దెనిమిది సార్, నాలుగో సబ్‌సెక్షన్" అంటుంది. 2024 జూలైలో పాత శిక్షాస్మృతి పోయి కొత్త న్యాయసంహిత వచ్చినప్పుడు, ఇరవై ఏళ్లుగా సెక్షన్లు కంఠతా పట్టి మీసం మెలేసిన ఉద్దండులంతా ఒక్కరోజులో పలకా బలపం పట్టిన పిల్లలైపోయారు. వాళ్లకు మళ్లీ ఓనమాలు దిద్దించింది మహేశ్వరే. ఇంత చేసినా సంఘం రిజిస్టరులో ఆమె అటెండరే.

ఆమె బాపు బొగ్గుగనిలో, రోజూ బాయి దిగి బొగ్గు నింపే పని చేశాడు. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన మహేశ్వరి, లైబ్రరీ గది ఊడ్చే పనికి చేరింది. అప్పటి లైబ్రేరియన్ రామచంద్రం మంచి మనిషి. ఆమె పుస్తకాల వైపు చూసే చూపు కనిపెట్టి, చీపురు పక్కన పెట్టించి కత్తెర, గమ్ము సీసా చేతికిచ్చాడు. చట్టం మారినప్పుడల్లా మార్పు అచ్చు వేసిన చీటీ ఒకటి వస్తుంది. దాన్ని కత్తిరించి, పుస్తకంలో ఆ సెక్షన్ ఉన్న చోట అంటించాలి. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, అటు సెక్షన్ ఇటు పడితే ఒక మనిషి బతుకు తారుమారవుతుంది.

రామచంద్రం రిటైరయ్యాక ఆ కుర్చీలో సంఘం ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఆయన పనంతా మహేశ్వరి నెత్తిన పడింది, ఆయన హోదా మాత్రం పడలేదు. ఆమె దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసి, ఆపైన లైబ్రరీ సైన్సు కూడా చదివింది. చివరికి ఈ ఏడు సంఘం అధ్యక్షుడు జలపతిరావు ఆ సర్టిఫికెట్లు తిరగేసి, "నెలాఖరు మీటింగ్‌ల నీ ముచ్చట పెడుత, లైబ్రేరియన్ చేద్దాం" అన్నారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఎదురు చూసిన మాట అది.

ఆ వారంలోనే కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి లా కాలేజీ లైబ్రేరియన్ ప్రమోదిని ఏడాదికోసారి ఒక రెండో శనివారం నాడు, చుట్టుపక్కల జిల్లాల కోర్టు లైబ్రరీల వాళ్లను, వకీళ్ల సంఘాల లైబ్రరీల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి కొత్త పని నేర్పిస్తుంటుంది. "మహేశ్వరి గారూ, మీరు చీటీలు అంటించే తీరు వేరే ఉంటదట కదా. ఈసారి పదిహేను నిమిషాలు మీరే చెప్పాలె. ముఖ్య అతిథి మీ జలపతిరావు గారే" అంది. సంతోషంగా సరేనన్న మహేశ్వరికి, ఫోన్ పెట్టేశాక చెమటలు పట్టాయి.

రాత్రి బిడ్డ సృజన ఎదురుగా కూర్చుని, తల్లి చేత ప్రసంగం చెప్పించుకుంది. చివరి ముక్క వినగానే మొహం మాడ్చుకుంది.

"అవ్వా, చివరి ముచ్చట తీసెయ్యి. చీటీ ఎట్ల అంటిస్తవో చెప్పు, చాలు. ఎందుకు గట్ల అంటిస్తున్నవో ఎవరడిగిన్రు?"

"అడుగుతరు బిడ్డా. అందరు మొత్తం అంటిస్తరు, నేనే గిట్ల చేస్త. ఎందుకని అడగకపోతే వాళ్లు లైబ్రేరియన్లే కారు."

"గా సార్ ముంగటనే చెప్తవా? నెలాఖరుకు ఆయన నీ పేరు పెట్టాలె. జర సోంచాయించు."

మహేశ్వరి ఆలోచించింది. కరీంనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెండు గంటలూ అదే ఆలోచించింది. దాచిపెట్టుకుంటే కుర్చీ వస్తుంది. కానీ కారణం తెలియకుండా పద్ధతి నేర్చుకున్నవాళ్లు, పని ఎక్కువైన రోజున ఆ పద్ధతిని గాలికొదిలేస్తారు. అప్పుడు మళ్లీ అదే తప్పు ఇంకో ఊళ్లో జరుగుతుంది.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. అందరికీ సంచీ, పెన్ను, మెడలో పేరు బిళ్ల. పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చినాయన తెరమీద కంప్యూటర్‌లో తీర్పులు వెతికే విద్య చూపించాడు. మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది, రెండుసార్లూ అందరూ మర్యాదగా పైకప్పు చూశారు. తర్వాత మహేశ్వరి పేరు పిలిచారు.

ఆమె వెంట తెచ్చుకున్న పాత పుస్తకం తెరిచి, చీటీ వెనుక ఒక్క అంచుకు మాత్రం గమ్ము రాసి అంటించింది. చీటీ కిటికీ రెక్కలా తెరుచుకుంటుంది. పైన కొత్త చట్టం, ఎత్తి చూస్తే కింద పాత చట్టం. పక్కన పెన్సిల్‌తో, ఏ తేదీ నుంచి మారిందో రాసింది. "నేరం ఏ తారీఖున జరిగితే ఆ తారీఖు చట్టమే చూడాలె కదా. అందుకని రెండూ కనవడాలె" అంది. కొందరు రాసుకున్నారు.

వెనుక వరసలోంచి ఆదిలాబాద్ కోర్టు లైబ్రరీలో చేసి రిటైరైన బుచ్చిరాములు అడిగాడు. "గింత కష్టమెందుకమ్మా? మేమంత మొత్తం అంటించేటోళ్లం. నీకీ ఉపాయం ఎట్ల తట్టింది?"

మహేశ్వరి ఒకసారి వేదిక మీది జలపతిరావును చూసింది.

"ఉపాయం కాదు సార్, తప్పు. నేను చేసిందే. పదిహేనేండ్ల కింద ఒక సెక్షన్ మీద కొత్త చీటీ మొత్తం అంటించిన. పాతదాంట్ల బెయిల్ వస్తది, కొత్తదాంట్ల రాదు. జలపతిరావు సార్ గా పుస్తకం పట్టుకొని కోర్టుకు పోయిన్రు. సార్ క్లయింటు కేసు పాత చట్టం కిందిది. పేజీ తెరిస్తే పాతది కనవడలే. ఊడదీస్తే చినిగిపోయింది. పాత పుస్తకం కరీంనగర్ నుంచి తెప్పిచ్చేసరికి నడుమ సెలవులొచ్చి తొమ్మిది దినాలైంది. గన్ని దినాలు గా మనిషి జైల్లనే ఉన్నడు. సార్ తన జూనియర్‌ను తిట్టిన్రు. నన్నెవరు అడగలే. నేను చెప్పలే."

నిజమే, ఎవరూ అడగలేదు. గది ఊడ్చే ఆడమనిషికి చట్టంతో ఏం పని అని ఆమె మీద అనుమానం కూడా పడలేదు. మహేశ్వరికి పదిహేనేళ్లుగా ఆ అవమానం, ఆ తప్పు రెండూ కలిసే గుచ్చుకుంటున్నాయి.

జలపతిరావు ముందుకు వంగారు. "గా మనిషి పేరు యాదున్నదా నీకు?"

"ఉన్నది సార్. రాములు. లక్సెట్టిపేట. అప్పుడు ఆయన బిడ్డకు పదకొండు నెలలు."

జలపతిరావు లేచి మైకు తీసుకున్నారు. కోర్టులో ఖంగుమనే గొంతు కాస్త తగ్గింది.

"కేసు నాది. వకాల్తా నాది. గా పేరు నాకు యాదికి లేదు. ఈమె ఇన్నేండ్లు మనసుల పెట్టుకొని తిరిగింది. పుస్తకం తెరిచి చూసుకోకుండ కోర్టుకు పోయింది నేను, తిట్లు పడ్డది ఇంకొకలు. నెలాఖరున మా సంఘం ఏమంటదో నాకెరుక లేదు. మనిషికో ఓటున్నది. నా ఓటు మాత్రం ఇక్కడనే ఏస్తున్న. ఈమె మా లైబ్రేరియన్."

మహేశ్వరి తల వంచుకోలేదు. చప్పట్లు కొడుతున్న నలభై మందినీ కళ్లారా చూసింది. బాయి దిగిన బాపు షిఫ్టు ముగించుకుని ఛాతీ విరుచుకుని ఇంటికి వచ్చేవాడు. తనూ ఈ రోజు అలాగే ఇంటికి పోతుంది. ఆ గర్వాన్ని ఆమె దాచుకోలేదు.

ప్రమోదిని చాయ్‌కి లేవమంది. అందరూ గుంపుగా బయటికి నడిచారు. బుచ్చిరాములు మాత్రం కుర్చీలు పట్టుకుంటూ నెమ్మదిగా ముందుకొచ్చి, ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"నేను గూడ గట్లనే ఒకటి మొత్తం అంటించిన బిడ్డా. ముప్పై ఏండ్లాయె. పాతది కనవడక ఒక మనిషికి శిక్ష పడ్డది." ఆయన బల్ల మీది పుస్తకంలో చీటీ రెక్కను ఎత్తి చూశాడు. "ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే."

మహేశ్వరి ఆయనకు కుర్చీ జరిపి, తనూ పక్కన కూర్చుంది.

"ఆయన పేరు చెప్పుండ్రి సార్" అంది.