ఆరో పెట్టె చప్పుడు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కుడిచేతి మీద ఒట్టు. అమ్మ మీదా ఇంటి దేవుడి మీదా ఇదివరకు వేసిన ఒట్లన్నీ అరిగిపోయాయి కనుక నన్నెరిగినవాళ్లు నమ్మరని తెలుసు. చాయ్ హోటల్లో నేను నోరు తెరిస్తే పక్క బల్లవాళ్లు కప్పులు పట్టుకుని దగ్గరకు జరుగుతారు. లేచి వెళ్లేటప్పుడు మాత్రం "సగం తీసేస్తే ఎంత మిగుల్తది?" అని ఒకరినొకరు అడుగుతారు. ఈసారి తీసేయడానికి ఏమీ లేదు. నా నోటి వల్ల ఒక మనిషి రెండు పోగొట్టుకున్నాడు. ఒకటి చేయి. అది అందరూ చూశారు. రెండోది పోకుండానే పోయిందనుకున్నాడు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. నేను అబిడ్స్‌లో ఒక రేడియో దుకాణంలో పనిచేసేవాణ్ని. మాకు అమ్మకాల కన్నా కిరాయిలెక్కువ. పెళ్లికీ సభకూ మైకుసెట్టు పంపితే, దానికి కాపలాగా నేనూ వెళ్లేవాణ్ని. ఆ చలికాలం నాంపల్లి స్టేషనుకు ఇవతల ఒక ఖాళీ జాగాలో ఎవరో సేటు తమాషా పెట్టాడు. తోలుబొమ్మలు, గాజుల అంగళ్లు, మిర్చీల బండ్లు, వాటన్నిటి నడుమ ఎత్తుగా ఒక కట్టె రాట్నం. సాయంత్రం కాగానే మైకుసెట్టును రిక్షాలో వేసుకుని వెళ్లేవాణ్ని. రెండో రోజే సేటు నా నోరు చూసి, పిలిచే పని కూడా నాకే అప్పగించాడు. భోంగా అని మావాళ్లనే ఆ రేకు గరాటలోంచి నా గొంతు స్టేషను దాకా వినిపించేది. దేవుడు నాకిచ్చిన గొంతుకు తగిన నోరు అప్పటికి దొరికిందనుకున్నాను.

అప్పటికి రాట్నాలకు మోటార్లు లేవు, కనీసం మా దానికి లేదు. నలుగురు మనుషులు చక్రపు ఆకుల మీద కోతుల్లా ఎగబాకి తమ బరువుతో తిప్పేవాళ్లు. ఎనిమిది పెట్టెలు, ఒక్కో పెట్టెలో నలుగురు. పెట్టెలన్నీ ఇనుప చువ్వలకు వేలాడేవి. ఆ నలుగురికీ పెద్ద ఒక పాలమూరు మనిషి. యాభై ఏళ్లుంటాయి. కాకా అని పిలిచేవాణ్ని. ఆయన భార్య రాట్నం పక్కనే గంపలో పల్లీలు పెట్టుకుని అమ్మేది. ఆమెను చిన్నమ్మా అనేవాణ్ని. పల్లీలు ఊరికే వస్తాయని కాదు, వచ్చేవి కూడా.

కాకాకు ఒక పద్ధతి ఉంది. దీపాలు పెట్టకముందు, జనాన్ని ఎక్కించకముందు, చిన్న సుత్తె పట్టుకుని ఎనిమిది చువ్వలనూ ఒక్కొక్కటిగా కొట్టేవాడు. కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లు బావి మీద మోట కొట్టాడట. గిలక చప్పుడును బట్టి ఇరుసు ఎన్నాళ్లుంటుందో చెప్పేవాడట. ఒకసారి నన్ను కూడా కూర్చోబెట్టాడు.

"గిది ఇను. ఏమన్నది?"

"ఖణ్ అన్నది కాకా."

"గిది?"

"అదీ ఖణ్ అన్నది."

"థూ! నీకున్నయి చెవులా, భోంగలా? రెండోది లోపట పగిలింది. దబ్ అంటలేదా? ఇనుము అవద్ధమాడదు బిడ్డా. గని మెల్లగ చెప్తది. అందుకే నేను రుమాల్ లేపిన్నంటే నువ్వు నోర్ముయ్యాలె."

రుమాలంటే ఆయన తలకు చుట్టుకునే ఎర్ర గుడ్డ. దాన్ని విప్పి గాల్లో ఊపాడంటే మైకు కట్టేయాలి, డోలువాడు కర్ర దించాలి, మిర్చీల బండివాడు కూడా కేకలు ఆపాలి. సేటు కూడా ఆ వేళకు గొంతు తగ్గించేవాడు. ఆ రెండు నిమిషాలు నాంపల్లిలో రైలింజను ఒక్కటే మాట్లాడేది. ఆ నెలలో రెండు చువ్వలు మార్పించాడు. మార్చిన చువ్వను నాకు చూపించాడు. పైకి ఏమీ లేదు. మోకాలికేసి వంచితే ఎండుకర్రలా విరిగింది.

ఇక ఏనుగు సంగతి. నేనే పుట్టించాను దాన్ని.

"రండన్నా, రండక్కా! ఇది మామూలు రాట్నం గాదు! ఒక జాగీర్దారు ఏనుగెక్కిన రాట్నం! నాలుగు కాళ్లు నాలుగు పెట్టెలల్ల వెట్టింది, తొండం ఐదోదాంట్ల వెట్టింది! పైకివోయినంక హుస్సేన్ సాగర్ కండ్లవడ్డది. గా చెర్లకు తానానికి తీస్కవోతేనే దిగుత, లేకుంటే దిగ అని మొండికేసింది! మరి ఎట్ల దించినం? ఎక్కినోళ్లకే చెప్త!"

ఎలా దించామో రోజుకొక రకంగా చెప్పేవాణ్ని. ఒకరోజు చెరుకుగడ చూపించి, ఒకరోజు మావటివాడి పెళ్లానికి ఫిట్సు తెప్పించి. జనం పడిపడి నవ్వేవాళ్లు. ఖైరతాబాద్ నుంచి నడిచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, ఏనుగు ఎలా దిగిందో వినడానికి. కాకా మాత్రం ఎప్పుడూ వినలేదు. నేను ఆ చోటికి వచ్చేసరికి ఆయన పైన ఆకుల మీద ఉండేవాడు.

కథకు ఒక చిక్కు వచ్చింది. బేగంబజార్ కిరాణా కుటుంబం ఒకటి వచ్చి ఒకే పెట్టెలో ఆరుగురు ఎక్కారు. కాకా ఇద్దర్ని దిగమన్నాడు.

"ఏందయ్యా, ఏనుగునెక్కిస్తవు, మా అత్తనెక్కియ్యవా?" అంది కోడలు.

"నన్ను ఏనుగంటవానే?" అని అత్త.

జనమంతా గొల్లుమన్నారు. సేటు నవ్వుతూ పోనీయమన్నాడు. ఆరుగురూ తిరిగారు. మర్నాటి నుంచి అదే మాట ప్రతివాడి నోటా. ఏనుగును మోసింది, ఐదుగురిని మోయదా? కాకా నా దగ్గరికి వచ్చి గుప్పెడు పల్లీలు చేతిలో పోసి అన్నాడు.

"మంచిగున్నది నీ కత. గని జర తగ్గియ్యి బిడ్డా. నీ ఏనుగు దిగిపోతది. దాని బరువు గీడనే ఉంటది."

తగ్గిస్తానన్నాను. పల్లీలు తిన్నాను. తగ్గించలేదు.

ఆదివారం. ఎండ ఇంకా ఉంది. అన్ని రోజుల కన్నా జనం ఎక్కువ. నేను ముందే మొదలుపెట్టాను, ఏనుగు పైకెక్కింది, చెరువు చూసింది. అప్పుడు కాకా రుమాలు లేపాడు. చూశాను. డోలు ఆగింది. మిర్చీలవాడు ఆగాడు. నేను ఆగలేదు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఆపుదామనుకున్నాను. నవ్వు పెదవుల దాకా వచ్చిన జనాన్ని అక్కడే వదిలేయడం చేతనైనవాణ్ని కాను. రెండోసారి ఊపాడు. నేను ఆయన వైపు చూసి కన్ను కొట్టాను. సేటు గేటు దగ్గర నుంచి "కొట్టు కొట్టు, జల్దీ కానీ!" అని అరిచాడు. కాకా రుమాలు తలకు చుట్టుకుని సుత్తె తీశాడు.

ఒకటి, రెండు, మూడు. ప్రతిదానికీ చెవి ఆనిస్తున్నాడు. ఆరో పెట్టె దగ్గర ఆగాడు. ఇంకోసారి కొట్టాడు. నా వైపు తిరిగి చేత్తో సైగ చేశాడు, ఆపమని. సరిగ్గా అప్పుడు నేను మైకులోకి ఏనుగులా ఘీంకరించాను. జనం చప్పట్లు కొట్టారు. కాకా మూడోసారి కొట్టి, తల ఊపి, ఏడో పెట్టెకు వెళ్లాడు.

ఆరో పెట్టెలో కాచిగూడ నుంచి వచ్చిన ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్లూ, ఆమె చెల్లెలూ ఎక్కారు. నలుగురే. ఎక్కువ కూడా కాదు. నాలుగో చుట్టులో పెట్టె కిందికి దిగుతుండగా ఒకవైపు చువ్వ విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గాజు పగిలినంత. పెట్టె ఒక పక్కకు ఒరిగి తల్లి కేక వేసింది. కాకా కింద ఉన్నాడు. పరుగెత్తి వెళ్లి ఒరిగిన వైపు భుజం పెట్టి, కుడిచేత్తో విరిగిన కొన పట్టుకున్నాడు. రాట్నం అంతలో ఆగే వస్తువా? మిగతా ముగ్గురూ ఆకులకు వేలాడి ఆపేలోగా ఆ చేయి ఇనుముకూ కట్టెకూ మధ్య పడింది. వదిలితే పెట్టె బోర్లా పడేది. ఆయన వదల్లేదు. "ముందుగాల పోరగాండ్లను దించుండ్రి" అన్నాడు, మామూలు గొంతుతో. నలుగురూ దెబ్బ లేకుండా దిగారు. నా చేతిలో మైకు ఇంకా తెరిచే ఉంది. అందులోంచి చిన్నమ్మ ఏడుపు స్టేషను దాకా వినిపించింది.

దవాఖానలో చేయి మణికట్టు దాకా తీసేశారు.

సేటు వచ్చాడు, పళ్లు తెచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. "వయసైంది కాకా, చెవి మందమైంది. నువ్వు మాత్రం ఏం చేస్తవు?" అన్నాడు. ఆకుల మీద ఎక్కే ముగ్గురూ అదే అన్నారు. కాకా కూడా తల ఊపాడు.

"ఔ. చెవి పోయింది. మూడుసార్లు కొట్టిన. భోంగ ఒర్రినా, చెవి ఆనిచ్చినంక ఇనవడాలె గద. ఖణ్ అన్నట్టే ఇనవడ్డది. గా తల్లిబిడ్డలు సచ్చిపోతుండె కదా నా చెవిని నమ్ముకోని."

ఆయన చేయి గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చెవి గురించే. ఇరవై ఏళ్ల మోట, పదేళ్ల రాట్నం, అన్నీ ఆ చెవితో నడిచినవి. అది తప్పు చెప్పిందని తెలిశాక ఆ మనిషి మంచంలో గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. నాలుక ఉంది, పళ్లున్నాయి. అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా పాకే గొంతుంది.

మూడోసారి వెళ్లినప్పుడు చెప్పాను. చిన్నమ్మ నీళ్లకు వెళ్లింది. "కాకా, నీ చెవి మంచిగనే ఉన్నది. నేను మైకు బంద్ చెయ్యలే. నువ్వు రుమాల్ లేపితే చూసిన. చూసి కూడా ఒర్రిన" అన్నాను. ఆయన ఎడమచేత్తో చెంచా తీసుకుని, బల్ల మీద ఉన్న రెండు గాజు గ్లాసులనూ కొట్టాడు. ఒకటి ఖణ్ అంది. రెండోది దబ్ అంది. దాన్ని ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. అడుగున వెంట్రుకంత పగులు. "ఇనవడ్తున్నది బిడ్డా" అన్నాడు. కళ్ల నీళ్లతో నవ్వాడు. "భోంగగానివి" అని తిట్టాడు. ఎడమచేయి నా తల మీద పెట్టాడు.

ఆ తర్వాత వారానికి వాళ్లు కాచిగూడలో రైలెక్కి ఊరికి వెళ్లిపోయారు. సేటు తమాషా ఎత్తేశాడు. నేను మళ్లీ మైకు పట్టుకోలేదు. ఇప్పుడు నాకు యాభై దాటింది. ఈనాటి రాట్నాలకు మోటార్లూ, మోటార్ల మీద పాటలూ. చువ్వ ఏమన్నదో వినే వీలు ఎవరికుంది? మనవరాలు ఎక్కుతానంటే ముందు వెళ్లి తాళంచెవితో ఒకసారి కొట్టి చూస్తాను. అక్కడి మనిషి నాకు పిచ్చేమో అనుకుంటాడు. నాకు అప్పటికీ ఇప్పటికీ అన్నీ ఖణ్ అనే వినిపిస్తాయి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కాని కుడిచేతి మీద ఒట్టు వేశాను కదా. రాస్తున్నది కూడా దానితోనే.

ఏనుగు అబద్ధమని మీకు తెలుసు. దాన్ని లెక్కలో వేయకండి. నేను కల్పించింది ఆ గాజు గ్లాసులు. దవాఖానలో గ్లాసుల్లేవు, ఒక సత్తు లోటా ఉండేది. మూడోసారి వెళ్లిన మాట నిజం, చిన్నమ్మ నీళ్లకు వెళ్లిన మాట నిజం. నేను నోరు తెరిచిన మాట కూడా నిజమే. "కాకా" అన్నాను. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "ఇంతకూ గా ఏనుగు ఎట్ల దిగింది బిడ్డా? నేనొక్కనాడు ఇనలే" అన్నాడు.

చెప్పాను. చెరుకుగడ కథ చెప్పాను. నవ్వాడు. నవ్వు మాత్రం నేను కల్పించలేదు.

కాచిగూడలో బండి ఎక్కించడానికి కూడా వెళ్లాను. ఇంజను చెవులు పగిలేలా కూసింది. కిటికీ దగ్గర కూర్చున్న కాకా చిన్నమ్మ వైపు తిరిగి, "కూసిందానే?" అని అడిగాడు. "కూసింది" అంది ఆమె. "నిజంగనేనా?" అని మళ్లీ అడిగాడు. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. బండి ఇంకా కదల్లేదు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటారు చిన్నపిల్లలు. తీసి పెట్టడానికి ఆ చేయి నాకింకా ఉంది.